ఎడ్రూస్ లొంగుబాటు ఫోటో: జనరల్ చౌదరి గురించి రెండు లైన్లలో ఏం రాయాలి?

మూసీ ఒడ్డు | సెప్టెంబర్ 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఈ సెప్టెంబర్ 17కి మా ఊరి గ్రంథాలయంలో పాత ఫోటోలు పెడుతున్నాం. మొత్తం పదకొండు. పదింటి కింద రాయాల్సింది రాసేశాను. ఒక్కదాని దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను.

1948 సెప్టెంబర్ 18, సికింద్రాబాద్. నిజాం సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎడ్రూస్, భారత సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోతున్న ఫోటో. మీలో చాలామంది చూసే ఉంటారు. దాని కింద "హైదరాబాద్‌కు విముక్తి తెచ్చిన వీరుడు జనరల్ చౌదరి" అని రాసి, రంగు ఆరడానికి అరుగు మీద పెట్టాను. మా నాయనమ్మకు తొంభై నాలుగేళ్ళు. చదువు రాదు. ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను. "ఆయన రాజ్యంలనే గదరా మీ తాతను పట్టుకపోయింది" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తాత సంఘంలో (నిజాంకూ దొరలకూ ఎదురుతిరిగిన ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టుల సంఘం) తిరిగిన మనిషి. 1949 ఎండాకాలంలో ఊరి బయట చింతచెట్ల కింద వేసిన క్యాంపుకు తీసుకెళ్ళారట. అది మిలటరీదో, పోలీసులదో ఆమెకు తెలియదు. ఆమెకు అందరూ "టోపీలోళ్ళే". తొమ్మిది నెలలకు తిరిగొచ్చాడు. నాకు తాత బాగా గుర్తు. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. అన్నం ముద్ద చేసుకోవాలంటే గిన్నె అంచుకు ఒత్తుకుంటూ చేసుకునేవాడు. ఎందుకలా అని అడిగితే "పాత దెబ్బ బిడ్డా" అనేవాడు, అంతే.

ఇప్పుడు ఆ ఫోటో కింద ఏం రాయాలో చెప్పండి. రెండు లైన్లకే చోటుంది.

నల్లమట్టి | సెప్టెంబర్ 6, రాత్రి 10:02

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యాను. ముందు మనిషి ఎవరో చూద్దాం. జయంతో నాథ్ చౌదరి 1908లో పుట్టాడు. కాంగ్రెస్ మొదటి అధ్యక్షుడు డబ్ల్యు.సి. బెనర్జీకి కూతురి కొడుకు. శాండ్‌హర్స్ట్‌లో చదివి అశ్వికదళంలో చేరాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడాడు. 1948లో ఒకటో ఆర్మర్డ్ డివిజన్ అధిపతి. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా సంస్థానంలోకి వచ్చింది ఆయన దళమే. అయిదు రోజుల్లో పని అయిపోయింది. ఆ తర్వాత 1949 చివరిదాకా హైదరాబాద్‌కు మిలటరీ గవర్నర్. 1961లో సదరన్ కమాండ్ అధిపతిగా గోవా చర్య నడిపాడు. 1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాక జనరల్ థాపర్ తప్పుకుంటే సైన్యాధ్యక్షుడయ్యాడు. 1965 యుద్ధం ఆయన చేతుల మీదుగానే నడిచింది.

ఇక్కడ నీకు పనికొచ్చే సంగతి ఒకటి. మీ సూర్యాపేటకు వచ్చింది చౌదరి దళం కాదు. విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర ఆధ్వర్యంలో వచ్చిన దళం. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ మీద వంతెన పేల్చేస్తే, అదాటున బాగుచేసుకుని దాటారు. కాబట్టి మీ ఊరివాళ్ళకు చౌదరి టాంకులో వచ్చిన సేనాని కాదు, హైదరాబాద్‌లో కూర్చుని ఆర్డర్లు వేసిన గవర్నర్. మీ నాయనమ్మ "ఆయన రాజ్యం" అనడంలో తప్పేమీ లేదు. నిజంగానే పదిహేను నెలలు ఆయన రాజ్యం.

పాత కంటోన్మెంట్ | సెప్టెంబర్ 6, రాత్రి 11:20

నేను బొల్లారంలో పెరిగాను. మా నాన్న 1965లో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో ఫిరంగి దళంలో వైర్‌లెస్ ఆపరేటర్. ఆయన బతికున్నంతకాలం మా ఇంట్లో చౌదరి పేరు గౌరవంగా వినలేదు. కారణం బియాస్.

సెప్టెంబర్ 8న పాకిస్తాన్ ఒకటో ఆర్మర్డ్ డివిజన్ ప్యాటన్ టాంకులతో ఖేమ్‌కరణ్ వైపు విరుచుకుపడింది. జీటీ రోడ్డు మీది బియాస్ వంతెన దాకా వచ్చేస్తే అమృత్‌సర్ మొత్తం తెగిపోతుంది, అదీ వాళ్ళ ప్లాన్. మనవైపు నాలుగో మౌంటెన్ డివిజన్, రెండో ఆర్మర్డ్ బ్రిగేడ్. అంతే. అప్పుడు ఢిల్లీ నుంచి సైన్యాధ్యక్షుడు చెప్పిందేమిటి? బియాస్ వెనక్కి వచ్చేయండి అని. అంటే అమృత్‌సర్, తరన్‌తారన్, గురుదాస్‌పూర్ వదిలేసి రమ్మని. వెస్టర్న్ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ కుదరదన్నాడు. ఆయన నిలబడ్డాడు కాబట్టే అసల్ ఉత్తర్ జరిగింది. చెరకు చేలలో మాటు వేసి, నీళ్ళు వదిలి పొలాలను బురద చేసి, దిగబడ్డ ప్యాటన్‌లను ఒక్కొక్కటిగా కొట్టారు. అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర వచ్చింది అక్కడే. దాదాపు వంద టాంకులు పోగొట్టుకుని వాళ్ళు ఆగిపోయారు.

నాన్న ఒక్కటే చెప్పేవారు. రాత్రంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే చెవుల దగ్గర చెమటకు చర్మం ఊడొచ్చిందట. "ఆ రాత్రి వెనక్కి రమ్మని మెసేజ్ వచ్చి ఉంటే దాన్ని పంపాల్సింది నేనేరా" అనేవారు. క్షమించండి, "వీరుడు" అనే మాట మాత్రం రాయకండి.

మానుకోట అడవి | సెప్టెంబర్ 7, ఉదయం 7:15

మిలటరీ పాలనలో మా నల్గొండ, వరంగల్ జిల్లాల్లో జరిగింది వదిలి పంజాబ్ గురించి ఎందుకు? రజాకార్లు (నిజాం పక్షాన తుపాకులు పట్టిన ప్రైవేటు దళాలు) పోయాక తుపాకులు ఎవరి మీదికి తిరిగాయి? కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్కలో తెలంగాణ సాయుధ పోరాటంలో చనిపోయిన సంఘం వాళ్ళు, రైతులు నాలుగు వేలమంది దాకా. పది వేలమందికి పైగా మూడు నాలుగేళ్ళు జైళ్ళలో. ఇందులో చౌదరి కాలానివి ఎన్ని, ఆయన తర్వాత పాలించిన వెల్లోడి కాలానివి ఎన్ని అని విడదీసి చెప్పలేం. పోరాట విరమణ 1951 అక్టోబర్‌లో కదా. కానీ మొదలుపెట్టింది ఎవరి హయాంలో అన్నది మాత్రం స్పష్టం. గడీలు వదిలి పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే గాంధీ టోపీలు పెట్టుకుని ఊళ్ళలోకి వచ్చారు. పంచిన భూములు చాలాచోట్ల గుంజుకున్నారు.

మోడరేటర్ | సెప్టెంబర్ 7, ఉదయం 8:00

సెప్టెంబర్ 17ను విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్నదానికి వేరే చర్చ నడుస్తోంది. ఆ వాదన అక్కడే చేయండి. ఇక్కడ చౌదరి గురించి, ఆ ఫోటో గురించి మాత్రమే.

నల్లమట్టి | సెప్టెంబర్ 7, ఉదయం 9:30

మానుకోట గారూ, ఒక మాట కలుపుతాను. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది మిలటరీ గవర్నర్‌గా ఆయన పాలనలోనే. సంస్థానంలో సుమారు మూడో వంతు భూమి జాగీర్ల కింద ఉండేది. నిజాం సొంత ఆస్తి సర్ఫ్-ఎ-ఖాస్ కూడా ఆ ఏడాదే ప్రభుత్వంలో కలిసింది. ఢిల్లీ చెబితే చేశాడా, తానై చేశాడా అంటే, ఢిల్లీ చెప్పే చేసి ఉంటాడు. అయితే తుపాకుల విషయంలోనూ ఢిల్లీ మాటే కదా. మంచిని సర్దార్ పటేల్ ఖాతాలో, చెడును చౌదరి ఖాతాలో వేస్తే న్యాయం కాదు. తిరగేసి వేసినా కాదు.

మూసీ ఒడ్డు | సెప్టెంబర్ 7, ఉదయం 10:05

సార్, జాగీర్ల రద్దు గొప్ప పనే, కాదనను. కానీ మా ఊళ్ళో జాగీర్దారు లేడు. మా వైపు చాలావరకు దివానీ ఇలాకా, అంటే సర్కారే నేరుగా శిస్తు తీసుకునే భూమి, పెత్తనమంతా దేశ్‌ముఖ్‌లది. జాగీర్లు పోయిన రోజున మా దొర భూమి ఒక్క గుంట కూడా తగ్గలేదు. తాత వెట్టి చేసింది ఆ దొరకే.

నల్లమట్టి | సెప్టెంబర్ 7, ఉదయం 10:20

నిజం. నేను ఆ తేడా చెప్పి ఉండాల్సింది.

జహీరాబాద్ చౌరస్తా | సెప్టెంబర్ 7, మధ్యాహ్నం 2:45

నేను ముస్లింని, తెలుగు మీడియంలో చదువుకున్నవాడిని. మా జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. షోలాపూర్ నుంచి హైదరాబాద్ వెళ్ళిన దారి మా ఊరి మీదుగానే. అంటే చౌదరి సొంత దళం వచ్చింది మా దగ్గరికే.

మీరంతా నల్గొండ గురించి, పంజాబ్ గురించి మాట్లాడుతున్నారు. పోలీసు చర్య (ఆ సెప్టెంబర్ సైనిక చర్యకు పెట్టిన పేరు) తర్వాత వారాల్లో జరిగినదాని గురించి ఇప్పటిదాకా ఒక్కరూ ఎత్తలేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం 1948 చివర్లో పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగి రాసిన నివేదిక ఉంది. చాలా తగ్గించి వేసుకున్నా చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేలమంది అన్నారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. కొన్నిచోట్ల సైన్యమే అడ్డుపడి మా వాళ్ళను కాపాడిందని అందులో ఉంది. కొన్నిచోట్ల సైనికులే లూటీకి ఉసిగొలిపారనీ, పాల్గొన్నారనీ కూడా ఉంది. ఆ నివేదికను అప్పట్లో బయటపెట్టలేదు. దశాబ్దాల తర్వాత గానీ జనం చేతికి రాలేదు.

రజాకార్లు చేసిన ఘోరాలను నేను తక్కువ చేయడం లేదు. బైరాన్‌పల్లిలో ఊరివాళ్ళను కాల్చి చంపింది తలచుకుంటే నాకూ సిగ్గుగా ఉంటుంది. పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపింది కూడా వాళ్ళే, ఆయన మా మతస్థుడే. కానీ మా నాన్నమ్మ ఊళ్ళో ఒక బావి ఉంది. ఆ బావి నీళ్ళు చాలా ఏళ్ళు ఎవరూ తోడలేదని చెప్పేది. అంతకుమించి చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

చౌదరి చంపించాడని నేను అనడం లేదు. గవర్నర్ ఆయన. అంతే చెబుతున్నాను.

పాత కంటోన్మెంట్ | సెప్టెంబర్ 7, సాయంత్రం 6:10

భాయ్, ఈ అంకెలు నేను ఇంతకుముందు వినలేదు. బొల్లారంలో పుట్టి పెరిగి కూడా వినలేదు. చదువుతాను.

నల్లమట్టి | సెప్టెంబర్ 7, రాత్రి 8:40

వినకపోవడానికి ఒక కారణం ఉంది. 1956లో సంస్థానాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఉస్మానాబాద్, నాందేడ్ అటు మరాఠీ వైపు పోయాయి. గుల్బర్గా, బీదర్‌లో ఎక్కువ భాగం కన్నడ వైపు పోయింది. ఆ జ్ఞాపకం కూడా వాటితోపాటే పోయింది. మన తెలుగు జిల్లాలకు మిగిలినవి రజాకార్ల కథ, సంఘం కథ. క్లాసులో నేనూ ఆ రెండే చెప్పాను, ఒప్పుకుంటున్నాను.

ఇక బియాస్ సంగతి. కంటోన్మెంట్ తమ్ముడూ, మీ నాన్నగారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆ ఆదేశం గురించి మనకు తెలిసింది ఎక్కువగా హర్‌బక్ష్ సింగ్, ఆయన దగ్గర ఏడీసీగా (వెంట ఉండే సహాయక అధికారిగా) ఉన్న అమరీందర్ సింగ్ చెప్పినదే. రాతపూర్వక ఆర్డర్ లేదు. హర్‌బక్ష్ ఆత్మకథ అచ్చయ్యేనాటికి చౌదరి చనిపోయి పదిహేడేళ్ళు. జవాబు చెప్పుకునే మనిషి లేడు. హర్‌బక్ష్ అబద్ధం చెప్పాడని నేను అనను, ఆయన అలాంటి మనిషి కాదు. కానీ చౌదరి స్థానంలో నిలబడి చూడు. ఒకటో ఆర్మర్డ్ డివిజన్ మొత్తం సియాల్‌కోట్ వైపు ఉంది. ఖేమ్‌కరణ్‌లో గీత తెగితే మధ్యలో ఆపడానికి రిజర్వు లేదు. మూడేళ్ళ కిందటే చైనా యుద్ధంలో సేలా, బొమ్‌డిలాలో ఒక డివిజన్ ఎలా చెదిరిపోయిందో చూశాడు. ఆ శిథిలాలు ఎత్తి సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టమనే కదా ఆయన్ని కూర్చోబెట్టింది. సైన్యం మొత్తం చుట్టుముట్టుడులో పడకూడదనే భయం పిరికితనం కాదు.

పాత కంటోన్మెంట్ | సెప్టెంబర్ 7, రాత్రి 9:25

సార్, భయపడటం తప్పని నేనూ అనను. కానీ ఆయన కూర్చున్నది ఢిల్లీలో, ముందు వరసను చూస్తున్నది హర్‌బక్ష్. అక్కడున్నవాడు నిలబడగలను అంటే నమ్మడం కూడా పై అధికారి పనే. చివరికి చౌదరి నమ్మాడు, బలవంతపెట్టలేదు. ఆ మేరకు ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఎవరం అనలేదు.

మరి మందుగుండు సంగతి? యుద్ధం చివర్లో శాస్త్రి గారు ఇంకొన్ని రోజులు పోరాడితే పెద్ద విజయం వస్తుందా అని అడిగితే, ముందు వరస మందుగుండు చాలావరకు అయిపోయింది, టాంకులు పోయాయి, ఆపడమే మంచిదన్నాడు. తర్వాత లెక్క తీస్తే వాడింది 14 శాతమేనట. సెప్టెంబర్ 23 తెల్లవారుజామున కాల్పుల విరమణ అయిపోయింది. దీనికేం సమాధానం?

విజయనగరం స్టోర్స్ | సెప్టెంబర్ 8, ఉదయం 6:50

ఇది నా పని కాబట్టి చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళు సైన్యం మందుగుండు స్టోర్స్‌లో చేశాను, 1965 తర్వాత చేరినవాణ్ణి.

మందుగుండు ఒకచోట కుప్పగా ఉండదండి. యూనిట్ తనతో మోసుకెళ్ళేది ఫస్ట్ లైన్. దాని వెనక బండ్లలో వచ్చేది సెకండ్ లైన్. ఆ వెనక డిపోల్లో ఉండేది నిల్వ. పోరు జోరుగా ఉన్న సెక్టార్‌లో ఫస్ట్ లైన్ ఒక రోజులోనే ఖాళీ కావచ్చు. అక్కడి నుంచి "అయిపోతోంది, పంపండి" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు వస్తాయి. అదే సమయంలో వెనక డిపోలో పెట్టెలు సీలు కూడా విప్పకుండా ఉంటాయి. అందులోనూ ప్రతి యూనిట్ తన ఇండెంట్‌లో (సరుకు పంపమని రాసే కాగితంలో) కాస్త ఎక్కువే రాస్తుంది, ఎవరికైనా తక్కువ పడుతుందేమోనని టెన్షన్. ఆ మెసేజ్‌లన్నీ పైకి చేరేసరికి దేశం మొత్తంలో మందుగుండు లేనట్టే కనిపిస్తుంది.

కాబట్టి చౌదరి కావాలని అబద్ధం ఆడాడని నేను నమ్మను. ఆయన చేతికి వచ్చిన చిత్రం అది. కానీ సైన్యాధ్యక్షుడికి ఆ తేడా తెలిసి ఉండాలి. ప్రధానమంత్రి నోటి మాటగా అడిగే ప్రశ్నకు, డిపోల రిజిస్టర్లు తెప్పించి కూడించి జవాబు చెప్పాలి. ఒక పూట పని అది. నేను హవల్దార్‌గా ఉన్నప్పుడు నెల చివర లెక్కలో ఒక పెట్టె తేడా వస్తే రాత్రి పన్నెండింటి దాకా లాంతరు పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టించేవారు. అంత పెద్ద కుర్చీలో ఉన్నవారి దగ్గర అంతకంటే తక్కువ ఆశించలేను. నా దృష్టిలో ఆయన చేసిన అసలు తప్పు బియాస్ కాదు, ఇది.

పాత కంటోన్మెంట్ | సెప్టెంబర్ 8, ఉదయం 7:30

బాబాయ్ గారూ, ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

తార్నాక గుట్ట | సెప్టెంబర్ 8, ఉదయం 11:00

ఆ ఫోటోలోనే ఇంకో కథ ఉంది, ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను. లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్ పేరు వినే ఉంటారు. ఆయన మొదట చేరింది నిజాం సైన్యంలో. గ్రెనేడ్ విసిరే శిక్షణలో ఒక సిపాయి చేతిలోంచి గ్రెనేడ్ పక్కనే పడిపోతే, తారాపోర్ దూకి దాన్ని తీసి అవతలికి విసిరాడు. అది పేలి ముక్కలు ఆయన ఛాతీలో దిగాయి. ఆ రోజు అక్కడ నిలబడి చూసింది ఎవరో తెలుసా? ఇదే ఎడ్రూస్. మెచ్చుకుని పిలిపించుకుంటే, అశ్వికదళానికి మార్చమని తారాపోర్ అడిగాడు, మార్చాడు.

సంస్థానం కలిశాక తారాపోర్ భారత సైన్యంలోని పూనా హార్స్ అనే టాంకు రెజిమెంట్‌కు వెళ్ళాడు. 1965లో ఫిలోరా, చవిండా పోరులో గాయపడి కూడా వెనక్కి వెళ్ళకుండా రెజిమెంట్‌ను నడిపి సెప్టెంబర్ 16న చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. అప్పటి సైన్యాధ్యక్షుడు చౌదరి. ఆ ఫోటోలో లొంగిపోతున్నది ఆయన పాత అధిపతి, తీసుకుంటున్నది ఆయన కొత్త అధిపతి. ఎడ్రూస్‌ను మాత్రం ఓడినవాడిగా తప్ప మనం ఎప్పుడూ చూడం.

మానుకోట అడవి | సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 1:15

ఇది నిజంగా తెలియదు. మూసీ ఒడ్డు అన్నా, ఎడ్రూస్ పేరు కూడా చక్కగా పూర్తిగా రాయి.

జహీరాబాద్ చౌరస్తా | సెప్టెంబర్ 8, సాయంత్రం 5:40

నా మనవి ఒక్కటే. సుందర్‌లాల్ అంకె రాయమని అడగను, రెండు లైన్లలో అది ఇమడదు. "ప్రశాంతంగా" అనే మాట మాత్రం పెట్టకండి. చాలా బోర్డుల మీద "ప్రశాంతంగా విలీనమైంది" అని చూశాను. ప్రతిసారీ ఆ బావి గుర్తొస్తుంది.

మూసీ ఒడ్డు | సెప్టెంబర్ 15, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి. పాత అట్ట తీసేసి కొత్తది రాశాను. ఇది:

"1948 సెప్టెంబర్ 18, సికింద్రాబాద్: మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్ (నిజాం సైన్యం), మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోవడం. చౌదరి 1949 చివరిదాకా మిలటరీ గవర్నర్. ఆయన కాలంలో రజాకార్లు అణగారారు, జాగీర్లు రద్దయ్యాయి, ఊళ్ళ మీద సైన్యం, పోలీసు క్యాంపులు పడ్డాయి, ఎందరో చనిపోయారు."

వీరుడు లేదు, విలన్ లేదు, ప్రశాంతంగా అన్న మాటా లేదు. రెండు లైన్లు కాస్తా నాలుగయ్యాయి, అక్షరాలు చిన్నవి చేశాను. 1965 పెట్టలేదు కంటోన్మెంట్ అన్నా, ఏమనుకోకు. ఆ ఫోటో ఆ రోజుది.

నాయనమ్మకు చదివి వినిపించాను. క్యాంపులు అన్నచోట ఆపి మళ్ళీ చదవమంది. తర్వాత, "మీ తాతతోని ఇంకా ముగ్గురు పోయిండ్రు, వాళ్ళ పేర్లేవి?" అంది. నాకు ఇన్నేళ్ళూ తాత ఒక్కడే అని. ముగ్గురిలో ఇద్దరు వచ్చారట. ఒకాయన రాలేదు. ఆయన పెళ్ళాం ఏటా సంక్రాంతికి మా ఇంటి ముందు నిలబడి "మీ ఆయన ఏమన్న చెప్పిండా" అని అడిగేదట. తాత ఏమీ చెప్పలేకపోయేవాడట.

వాళ్ళ ఇళ్ళవాళ్ళను అడిగి ఒప్పుకుంటే పన్నెండో అట్ట పెడుతున్నాను. ఫోటో లేదు, పేర్లే. ఇక్కడ రాయను.

పాత కంటోన్మెంట్ | సెప్టెంబర్ 15, రాత్రి 10:15

ఏమనుకుంటాను తమ్ముడూ. 17న నేనూ వస్తున్నాను, నాన్న హెడ్‌ఫోన్ ఫోటో ఒకటి ఉంది, చూపిస్తాను. సూర్యాపేట బస్టాండ్ నుంచి మీ ఊరికి బస్సు ఎన్నింటికి?

మూసీ ఒడ్డు | సెప్టెంబర్ 15, రాత్రి 10:18

ఎనిమిదిన్నరకు ఒకటుంది అన్నా. అది తప్పితే ఆటోనే. భోజనం మా ఇంట్లో.